జేజి రేడియోకి పాస్‌వర్డ్ లేదు

మొన్న సంక్రాంతికి జమ్మలమడుగు పోయినప్పుడు చూశాను. అంతకు ముందు దసరాకి నేను ముచ్చటపడి కొనిచ్చిన స్మార్ట్ స్పీకరు టీవీ పక్కన, నెత్తిన ఒక చేతిరుమాలు కప్పుకుని, బుద్ధిగా కూర్చోనుంది. రుమాలు తీసి పిలిస్తే పలకలేదు. ఒక రంగు దీపం గుండ్రంగా తిరిగింది, ఆరిపోయింది. అంతే.

"ఇది ఎప్పట్నించి పలకడం లేదు జేజీ?"

"నువ్వు బెంగుళూరికి పోయిన నెలకే నోరు మూసుకుందిరా. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి పెట్టినా."

"నాకు ఫోన్లో చెప్పొచ్చు గదా?"

"పనిలో ఉంటావు. ఒక డబ్బా కోసం నిన్ను సతాయించేదెందుకని..."

కళ్ళ ఆపరేషను అయినప్పటి నుంచి జేజి టీవీ పెద్దగా చూడదు. వినడమే ఆమె కాలక్షేపం. నోటితో అడిగితే చాలు, మీటలు వెతుక్కునే పని లేదు, ముసలాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి అనుకునే కొన్నాను. తీరా జరిగిందేమిటంటే, ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చినతను వచ్చి పాత రూటరు తీసి కొత్తది పెట్టిపోయాడు. వైఫై పేరు మారింది, పాస్‌వర్డ్ మారింది. స్పీకరుకి ఆ సంగతి చెప్పాలంటే దాని యాప్ కావాలి. ఆ యాప్ ఉన్నది నా ఫోనులో. ఖాతా నా పేరు మీద. ఓటీపీ వచ్చేది నా నంబరుకి. నేను కూర్చుంటే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల కోసం అది రెండు నెలలు మూగగా కూర్చుంది, దాంతో పాటు జేజి కూడా.

నేను చేసేది సర్వర్లు పడిపోకుండా చూసుకునే ఉద్యోగం. ఇదే ఆఫీసులో జరిగుంటే 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అని పెద్ద రిపోర్టు రాసి పడేసేవాణ్ణి. ఇక్కడ ఆ పాయింటు సాక్షాత్తూ నేనే :)

మరి ఆ రెండు నెలలూ జేజి ఏం విన్నట్టు? కిటికీలో అబ్బ ట్రాన్సిస్టరు ఉంది. బ్యాటరీల మూత ఎప్పుడో పోతే రబ్బరు బ్యాండు వేసి పెట్టారు. ముల్లు కడప స్టేషను దగ్గర ఆగి ఉంటుంది. మీట ఎక్కడుందో ఆమె వేళ్ళకి తెలుసు, కళ్ళతో పనిలేదు. అబ్బ పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆ పెట్టె ఆయన పాస్‌వర్డ్ ఎవర్నీ అడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇళ్ళలోకి పాట ఏ దారిన వచ్చింది, ఏ కాలంలో ఆ పెట్టె ఎవరి మాట విన్నది అని వెనక్కి పోయి చూసుకుంటూ కూర్చున్నాను. ప్రతి పెట్టెనీ రెండు ప్రశ్నలు అడిగాను. ఏం పలకాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆగిపోతే ఎవరు బాగుచేయగలరు?

మొదట్లో రేడియో ఇళ్ళకి రాలేదు, మనుషులే దాని దగ్గరికి పోయారు. అప్పుడు కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసులో 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి మొదలుపెట్టిన రేడియో క్లబ్బు డబ్బుల్లేక 1927లో మూతపడింది. దాని సామాను తీసుకుని మద్రాసు కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుంచి తనే ప్రసారాలు మొదలుపెట్టింది. సాయంత్రం మెరీనా బీచిలో లౌడుస్పీకర్లు పెట్టి పాటలు వినిపించేవాళ్ళు. గాలికొచ్చినవాళ్ళు ఇసకలో కూర్చుని వినేవాళ్ళు. ఏం విన్నా కార్పొరేషను పెట్టిందే వినాలి. 1936లో ఆలిండియా రేడియో పేరొచ్చింది, 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం మొదలైంది.

ఇంతకంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. 1930లలో పెషావరు వైపూ, ఢిల్లీ చుట్టుపక్కలా ఊళ్ళలో ప్రభుత్వం రేడియోలు పెట్టించింది. ఆ పెట్టెలు ముందే ఒక స్టేషనుకి ట్యూన్ చేసి వచ్చేవి. లోపల గడియారం స్విచ్చు ఉండేది. పల్లె కార్యక్రమం వేళకి దానంతట అదే మోగి, అయిపోగానే ఆగిపోయేది. ఊరివాళ్ళు ముల్లు తిప్పే వీల్లేకుండా తాళం. న్యాయంగా చెప్పాలంటే ఇందులో కుట్రేమీ లేదు. ఊళ్ళో కరెంటు లేదు, బ్యాటరీ అయిపోతే పట్నం నుంచి మోసుకురావాలి, కాబట్టి పొదుపు. కానీ ఆ ఏర్పాటుని ఇంకోసారి చదవండి. పెట్టె మన ఊళ్ళో ఉంది. ఏం పలకాలో, ఎప్పుడు పలకాలో దూరంగా ఉన్నవాళ్ళు నిర్ణయిస్తారు. ఆగిపోతే వాళ్ళ మనిషే రావాలి. మూత మనం తీయకూడదు. నేను దసరాకి కొన్నది సరిగ్గా ఇదే! కాకపోతే అప్పుడు ప్రభుత్వం ఉచితంగా పెట్టింది, ఇప్పుడు నేను డబ్బులిచ్చి తెచ్చుకున్నాను.

తర్వాత రేడియో ఇళ్ళలోకొచ్చింది, లైసెన్సుతో సహా. 1933లో చేసిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఏటేటా పోస్టాఫీసుకి పోయి రుసుము కట్టాలి. అబ్బ ట్రంకు పెట్టెలో ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది, తపాలా బిళ్ళల లాంటివి అంటించి, మీద నల్లటి ముద్రలు. 1980ల మధ్యకొచ్చేసరికి ఆ లైసెన్సుల గొడవ పూర్తిగా పోయింది.

ఈ కాలంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం చూసి మొదట నవ్వుకున్నాను. పాట వినడానికి పర్మిటా అని. కాసేపటికి నవ్వు ఆగింది. ఆ సర్కారుకి తెలిసింది ఒక్కటే, ఈ ఇంట్లో ఒక రేడియో ఉంది అని. అబ్బ రాత్రి ఏ స్టేషను విన్నాడో, ఏ పాటకి గొంతు పెంచాడో, ఎప్పుడు కట్టేశాడో దానికి తెలీదు. తెలుసుకునే దారే లేదు. రేడియో తరంగం ఒకవైపే ప్రయాణిస్తుంది, విన్నవాడి కబురు మోసుకుని వెనక్కి పోదు.

ఆ తెలియకపోవడం ఎంత విలువైందో మన చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాడు. సినిమా పాటలంటే ఆయనకి గిట్టదు, శాస్త్రీయ సంగీతం వినిపించి జనాన్ని బాగుచేయాలనుకున్నాడు. ఆలిండియా రేడియోలో సినిమా పాటలు తగ్గిపోయి, నిర్మాతలతో పేచీ వచ్చి, దాదాపు మాయమైపోయాయి. దేశంలో ఉన్న రేడియో ఒక్కటే, అది సర్కారుది. జనం ఏం చేశారు? ధర్నాలు చేయలేదు. ముల్లు తిప్పారు. సముద్రం దాటి కొలంబోలో రేడియో సిలోన్ తగిలింది. ఆ ఏడాదే అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. తర్వాత తర్వాత అక్కడి తెలుగు కార్యక్రమాలతో మీనాక్షి పొన్నుదొరై గొంతు మన ఇళ్ళలో చుట్టాల గొంతైపోయింది. చివరికి 1957 అక్టోబరు 3న ఆలిండియా రేడియోనే దిగొచ్చి వివిధభారతి పెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ రేడియో సెట్టుని. ఢిల్లీ మంత్రిగారి ఇష్టాయిష్టాలు దానికి తెలియవు. కొలంబో తరంగం వస్తే కొలంబో పలికింది, మద్రాసు వస్తే మద్రాసు పలికింది. ఆ పెట్టెలో ముల్లు తిరక్కుండా తాళం ఉండుంటే వివిధభారతి వచ్చేదే కాదేమో. వినేవాడు ఇంకో చోటికి పోగలడన్న భయం ఉంటేనే వినిపించేవాడు మారతాడు.

రాయలసీమకి సొంత గొంతు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. హైదరాబాదులో నిజాం కాలపు డెక్కన్ రేడియోని 1950లో ఆలిండియా రేడియో తీసుకుంది. కడప కేంద్రం వచ్చింది 1963లో. 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు. మాకు ఈ లెక్క ఫిజిక్సు క్లాసులో చెప్పకముందే రేడియోలో వచ్చేసింది. కాంతి వేగాన్ని తొమ్మిది వందలతో భాగించడం నాకు జేజి కిటికీ నేర్పింది.

సరిగ్గా అదే కాలంలో ట్రాన్సిస్టరు వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో 1947లో పుట్టిన ఆ బుల్లి ముక్క, 1954లో అమెరికాలో జేబు రేడియో అయింది. 1960లలో మన పల్లెలకి చేరేసరికి ఇంటి మిద్దె మీద కట్టిన ఏరియలు తీగ పోయింది, కరెంటు అవసరం పోయింది. చేనికాడికి, కళ్ళం దగ్గరికి, మగ్గం గుంట పక్కకి రేడియో నడిచి వచ్చింది. చెడిపోతే జమ్మలమడుగులోనే మెకానిక్ ఉన్నాడు. మూతకి నాలుగు మరలు, లోపల అన్నీ కంటికి కనబడేవే.

క్యాసెట్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఫిలిప్స్ దాన్ని 1963లో బయటపెట్టినా మన దగ్గర ఊపందుకున్నది 1980లలో. ఏం పలకాలో నిర్ణయించేది ఇప్పుడు ఇంటివాళ్ళే. ప్రొద్దుటూరులో అంగళ్ళు ఉండేవి, చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. (కాపీరైటు మాట అడక్కండి.) మా ఇంట్లో ఒక పక్క సినిమా పాటలు, రెండో పక్క హరిశ్చంద్ర పద్యాలు. నాయన వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు మెకానిక్ చేత యాంప్లిఫయరు ఒకటి చేయించుకున్నాడు. రేకు డబ్బా, లోపల 810 నంబరు ఐసీ, రెండు స్పీకర్లు. ఒకటి చెక్క పెట్టెలో, ఇంకోటి మట్టి కుండ మూతి మీద బోర్లించి! బేస్ బాగా వస్తుందని. కుండ స్పీకరు వినని రాయలసీమ పిల్లవాడు ఆ తరంలో ఉండడు.

ఈ రేకు డబ్బా వెనక రెండు గుండ్రటి రంధ్రాలున్నాయి. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1930లలో రికార్డు ప్లేయర్లని రేడియోలకి కలపడానికి మొదలుపెట్టిన సాకెట్టు అది. దాని దూరపు చుట్టం మనకందరికీ తెలిసిన ఇయర్‌ఫోను రంధ్రం. దాని మూలం 1870ల నాటి టెలిఫోను ఎక్స్ఛేంజీ పిన్ను, పావు అంగుళం లావుండేది. ట్రాన్సిస్టరు రేడియోల కోసం సన్నబడి 3.5 మిల్లీమీటర్లయింది, 1979లో వాక్‌మన్ దాన్ని ప్రపంచమంతా తిప్పింది.

నాయన డబ్బాకి మొదట తగిలించింది క్యాసెట్ ప్లేయరు. నా చిన్నప్పుడు వీసీడీ ప్లేయరు. నేను ఇంజనీరింగులో ఉండగా ఫోను, నలభై రూపాయల తీగతో. డబ్బాకి ఎంపీ3 అంటే ఏమిటో తెలీదు. అది తయారైన నాటికి మన ఊళ్ళో ఆ మాటే ఎవరూ వినలేదు. అయినా పలికింది. ఎందుకంటే తనకి పాట ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలనే ఆశ దానికి లేదు. తీగలో వచ్చిన చిన్న అలని పెద్దది చేయడం, అంతే దాని పని. మనం లూజ్ కప్లింగు అని, బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అని మీటింగుల్లో స్లైడ్లు వేసుకుంటామే, అది ఆ రేకు డబ్బాకి రెండు రంధ్రాలతో వచ్చేసింది.

ఇక మన కాలం. అమెజాన్ ఎకో 2014 నవంబరులో అమెరికాలో, 2017లో మన దేశంలో వచ్చింది. 2016లో ఆపిల్ ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోను రంధ్రం తీసేసింది, మిగతా కంపెనీలు చాలావరకు ఆ దారే పట్టాయి. అక్కడి నుంచి వరస చూడండి.

2020 జనవరిలో సోనోస్ తన పాత స్పీకర్లకి మే నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఉండవని ప్రకటించింది. కొన్నవాళ్ళు మండిపడితే సీఈవో క్షమాపణ చెప్పాడు. అదే కంపెనీ 2024 మేలో కొత్త యాప్ విడుదల చేస్తే అలారం, స్లీప్ టైమరు లాంటి ఉన్న సదుపాయాలు పోయాయి. గోడకున్న స్పీకరు నిన్నటిదే, అందులో ఒక్క మర కూడా మారలేదు, కానీ తెల్లారేసరికి దానికి నిన్న వచ్చిన పని ఇవాళ రాదు. 2025 జనవరిలో ఆ సీఈవో పదవే పోయింది.

2025 మార్చిలో గూగుల్ వాళ్ళ రెండో తరం క్రోమ్‌కాస్ట్, క్రోమ్‌కాస్ట్ ఆడియో పెట్టెలు ప్రపంచమంతా ఒక్కసారిగా మొరాయించాయి. కారణం తెలిస్తే మీరు నవ్వుతారు, లేదా మీ ప్రొడక్షను సర్వర్లు గుర్తొచ్చి వణుకుతారు. పదేళ్ళ గడువుతో పెట్టిన సర్టిఫికెట్టు కాలం తీరిపోయింది! కొద్ది రోజుల్లో సరిచేశారు లెండి.

2025 అక్టోబరులో బోస్ తన సౌండ్‌టచ్ స్పీకర్లకి క్లౌడ్ సేవ 2026లో ఆపేస్తున్నామని చెప్పింది. 2013లో వచ్చిన, ఖరీదైన సామాన్లవి. క్లౌడ్ పోయాక ఏం మిగులుతుంది అంటే బ్లూటూత్, ఆక్స్ తీగ అని వాళ్ళే చెప్పారు. అంటే చివరికి నిలబడేది నాయన డబ్బా వెనకున్న రంధ్రం లాంటి రంధ్రమే.

ఇక వినే సంగతి. అబ్బ రేడియో ఆయన్ని వినలేదు. ఇవి మనల్ని వింటాయి. పిల్లల గొంతు రికార్డులు చెరిపేయకుండా ఉంచుకున్నారన్న కేసులో 2023లో అమెజాన్ అమెరికా సర్కారుకి 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. కొన్ని ఎకోల్లో గొంతు రికార్డుని కంపెనీకి పంపకుండా పెట్టెలోనే ఉంచే సదుపాయం ఉండేది, 2025 మార్చి 28 నుంచి దాన్నీ తీసేశారు. పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం ఇప్పుడు నాకు చాలా మర్యాదగా కనిపిస్తోంది.

అట్లని స్మార్ట్ స్పీకర్లన్నీ దండగ అనడం లేదు. మంచం దిగలేనివాళ్ళకి, చూపు బొత్తిగా లేనివాళ్ళకి నోటిమాటతో పని జరగడం చిన్న విషయం కాదు. నేను కొన్నదీ అందుకే. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు కూడా. సర్వరు నడపడానికి ప్రతినెలా ఖర్చవుతుంది, పెట్టె అమ్మిన డబ్బు ఒక్కసారే వస్తుంది. ఏదో ఒక రోజు ఆ లెక్క తెగాలి, తెగుతుంది. ఆ ఎండ్ ఆఫ్ లైఫ్ మెయిలు రాసేది రేపు మీరో నేనో కావచ్చు. రాసేటప్పుడు ఆ పెట్టె ముందు ఎవరు కూర్చుని ఉంటారో మనకి కనబడదు, 'లెగసీ యూజర్లు' అని ఒక అంకె కనిపిస్తుంది. రెండు నెలలు మా ఇంట్లో ఆ అంకె పేరు జేజి.

అందుకే ఇప్పుడు ఇంటికి ఏ పెట్టె కొనాలన్నా మూడు సంగతులు చూసుకుంటున్నాను. వైఫై తీసేస్తే పలుకుతుందా? తీగ పెట్టే రంధ్రం ఉందా? నేను ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళు గానీ, బజార్లో మెకానిక్ గానీ దాన్ని మళ్ళీ పలికించగలరా? ఈ మూడూ ఉన్నాక ఎన్ని తెలివితేటలైనా ఉండనీ, అభ్యంతరం లేదు.

పండగ మర్నాడు అటక మీంచి నాయన రేకు డబ్బా దింపాం. కుండ ఎప్పుడో పగిలిపోయింది, చెక్క పెట్టె బాగానే ఉంది. బజార్లో మెకానిక్ రెండు కెపాసిటర్లు మార్చాడు, గరగరమంటున్న వాల్యూం మీట శుభ్రం చేశాడు, పెన్‌డ్రైవు పెట్టే చిన్న బోర్డు ఒకటి తగిలించాడు. అన్నీ కలిపి అయిదు వందల లోపే. పెన్‌డ్రైవు నిండా పద్యాలు, పాత పాటలు నింపాను. ఆఖర్న అబ్బ ట్రాన్సిస్టరు ఇయర్‌ఫోను రంధ్రంలోంచి నాయన డబ్బా వెనక రంధ్రంలోకి ఒక తీగ లాగాం. కడప స్టేషను హాలంతా పలికింది. జేజి దగ్గరికొచ్చి మీటల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. "ఇది గొంతు, ఇది ఆపేది. ఇంకేమన్నా ఉందా?" అంది. ఇంకేం లేదన్నాను. స్మార్ట్ స్పీకరుని సంచిలో వేసుకుని బెంగుళూరు తెచ్చేశాను. నాకు పొద్దున్నే అలారం కొడుతోంది, పర్వాలేదు.

నిన్న సాయంత్రం ఇంటికి ఫోను చేశాను. వెనక నుంచి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఎవరొచ్చినారు జేజీ అని అడిగాను.

"ఎవరూ రాలేదురా. వార్తలొస్తాండాయి. అయిపోయినాక నేనే చేస్తాలే" అని పెట్టేసింది.